నొక్కు, తియ్యి

ఆ ఆదివారం ఉదయం ఇంజనీరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి అమ్మ మంచం పక్కన ఎర్ర బటను బిగించడం, ఎనిమిదింటికి అమ్మకి దాన్ని నొక్కడం నేర్పడం, పదింటికి అక్క వచ్చి చూసి నోరు మూసుకోవడం. మొదటి రెండూ తన చేతిలో పనులు. మూడోది తనకి బుద్ధి తెలిశాక ఒక్కసారీ జరగలేదు. అయినా ఈసారి జరిగి తీరుతుందని ఆయన బల్లగుద్ది చెప్పాడు.

బల్లగుద్దడం ఆయనకి అలవాటు. చిన్న చిన్న చిప్పుల్లోకి ప్రోగ్రాములు రాసే ఆఫీసులో ఆయన ఉద్యోగం. అక్కడ ఏ మీటింగులోనైనా "బల్లగుద్ది చెప్తున్నా" అని మొదలుపెట్టి నిజంగానే గుద్దేవాడు. ఆయన గొంతు సవరించుకోగానే ఎవరి కప్పు వాళ్ళు చేతిలోకి తీసుకోవడం తోటివాళ్ళకి అలవాటైపోయింది. పరోక్షంలో అందరూ బల్లగుద్దు సారు అనేవారు. ఆయన ప్రత్యక్షంలో అన్నా ఏమీ అనుకునేవాడు కాదు.

అమ్మ మూడు వారాల కిందట మెట్టు తప్పి కుడి చీలమండ విరగ్గొట్టుకుంది. ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను పెడలు తొక్కిన కాలు అది. కట్టు కట్టించుకుని నాలుగో అంతస్తులో కొడుకు ఇంట్లో, లిఫ్టు గోడని ఆనుకుని ఉన్న గదిలో, మంచం మీద పడుకుంది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసే అక్క మాత్రం ఆ ఏర్పాటుకి ఒప్పుకోలేదు.

"నువ్వు లాప్‌టాప్‌లో తల దూర్చుకుని కూర్చుంటావు. నీ పెళ్ళాం పరీక్ష పేపర్లలో దూర్చుకుని కూర్చుంటుంది. అమ్మ పిలిస్తే వినేదెవర్రా?" అని ఫోన్లో నిలదీసింది. "ఆదివారం వస్తున్నా. నాకు నమ్మకం కుదిరితే సరే. లేకపోతే అమ్మని నాతో తీసుకుపోతా. బట్టలు సర్ది ఉంచండి."

ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకి ముద్ద దిగలేదు. "మీ అక్క దేవతేరా, కాదన్ను. కానీ ఆ ఇంట్లో దగ్గాలన్నా టైముంటుంది. గోడ మీద కాగితం అంటించింది చూశావా? నా ప్రార్థనకి పదిహేను నిమిషాలు రాసింది. దేవుడు వచ్చి కుదురుగా కూర్చునేసరికే అయిపోతుంది. ఏదో ఒకటి చెయ్యరా నాయనా, నన్నిక్కడే ఉండనివ్వండి."

అందుకే ఆ ఎర్ర బటను. చిన్నగా ఒక్కసారి నొక్కితే వంటింట్లో గంట మోగుతుంది. అంటే మంచినీళ్ళో, మందో, తీరిగ్గా రావచ్చు. ఒక సెకను దాటి నొక్కి పడితే గుమ్మం బయట సైరను కూస్తుంది. కొడుక్కి, కోడలికి, కూతురికి, గ్రౌండ్ ఫ్లోరులో ఉండే రిటైర్డ్ బస్సు డ్రైవరు బాబాయి గారికి, నలుగురి ఫోన్లకీ "అమ్మకు ప్రమాదం" అని మెసేజీ పోతుంది.

"ఒకటే బటను, రెండు పనులు" అన్నాడు ఇంజనీరు, స్క్రూ బిగిస్తూ.

ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. ఏ లెక్కనైనా తిరగేసి చూసి గానీ మార్కు వెయ్యదు. "చిన్న నొక్కో పెద్ద నొక్కో దానికెలా తెలుస్తుందండీ?" అంది.

"వేలు పెట్టిన టైము రాసుకుంటుంది. వేలు తీసిన టైము రాసుకుంటుంది. ఇందులోంచి అది తీసేస్తుంది. నీ తీసివేతే."

"వేలు తియ్యకపోతే?"

ఆయన నవ్వాడు. "తియ్యనివాడెవడే? వేలేమైనా బంకతో అతికిస్తామా?"

టీచరు మార్కు వెయ్యలేదు. 

మొదటిసారి నొక్కగానే వంటింట్లో గంట వరసగా ఐదుసార్లు మోగింది. టీచరు చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. ఇంజనీరు చలించలేదు. బటను లోపలి రేకు తగలగానే స్థిరంగా నిలవదని, విసురుగా వేసిన తలుపు గడియలా కాసేపు అదురుతుందని, ఆ అదురుని చిప్పు ఐదు నొక్కులుగా లెక్కపెట్టిందని వివరించాడు.

"అంటే నేను ఒక్కసారి చెప్తే అది ఐదుసార్లు చాటుతుందన్నమాట" అంది అమ్మ. "మా ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే ఆవిడ ఇంతే."

రేకు కుదురుకునేదాకా క్షణంలో యాభయ్యో వంతు ఆగమని ఆయన ప్రోగ్రాములో ఒక్క వరస చేర్చాడు. గంట బుద్ధిగా ఒక్కసారే మోగింది. తర్వాత అమ్మకి పాఠం మొదలైంది. ఆయన మంచం పక్కన నిలబడి "నొక్కు" అనేవాడు. అమ్మ నొక్కేది. "తియ్యి" అనేవాడు. తీసేది. గంట. మళ్ళీ "నొక్కు" అని, రెండు అంకెలు లెక్కపెట్టి "తియ్యి" అనేవాడు. సైరను. ఫోన్ల మెసేజీలు మాత్రం పాఠం అయ్యేదాకా ఆపి ఉంచాడు. పదికి పదిసార్లూ తప్పు రాలేదు.

"చూశావా?" అన్నాడు పెళ్ళాంతో. "ఇంక దీనికి తిరుగులేదు. బల్లగుద్ది..." అని చెయ్యెత్తాడు. అందుబాటులో మందుల బల్ల ఒక్కటే ఉంది. టీచరు సీసాలు పట్టుకుంది.

అక్క పదింటికంటే పది నిమిషాలు ముందే వచ్చింది. వస్తూనే అమ్మ నాడి చూసింది, కట్టు చూసింది, కిటికీ తెరిచింది, తమ్ముడి గడ్డం చూసి పెదవి విరిచింది. బటనుని వేలితో టక్‌మని తాకి వదిలేసింది. వంటింట్లో గంట మోగింది.

"మోగింది" అన్నాడు తమ్ముడు, ఛాతీ పొంగించి.

"నేను నొక్కితే మోగడం కాదు. అమ్మ నొక్కితే మోగాలి. అందరూ బయటికి నడవండి. అమ్మ ఒక్కతే గదిలో ఉండగా చూడాలి. మనం పక్కనుంటే అది పరీక్షెలా అవుతుంది?"

ముగ్గురూ వంటింట్లో చేరి గంట వైపు చూస్తూ నిలబడ్డారు. అక్క చేతి గడియారం పైకి తిప్పుకుంది. "అమ్మా, మంచినీళ్ళు కావాలనుకో. ఇప్పుడు పిలువు!" అని కేకేసింది.

గంట మోగలేదు. పది సెకన్లు. ఇరవై. పొయ్యి మీద పాలు పొంగాయి గానీ గంట మోగలేదు. నలభై సెకన్లకి ఇంజనీరు ఓపిక చచ్చి అమ్మ గదిలోకి అడుగుపెట్టాడు. పెట్టాడో లేదో, గుమ్మం బయట సైరను చెవులు చిల్లులు పడేలా కూసింది. అక్క ఫోను మూలిగింది. అమ్మకు ప్రమాదం.

"అమ్మా, నొక్కావా?"

"నొక్కాగా. నువ్వొచ్చావుగా" అంది అమ్మ, మొహం విప్పారించి. "భలే పనిచేస్తోందిరా. ఏవీ నీళ్ళు?"

ఇంకోసారి చూశారు. ఒక నిమిషం పాటు వంటింట్లో మౌనవ్రతం. ఇంజనీరు గదిలో కాలుపెట్టగానే సైరను. మూడోసారి కోడల్ని పంపారు. ఆవిడ కాలు పెట్టినా అంతే. అమ్మకి మాత్రం అందరి కంగారూ వింతగా ఉంది. నొక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఇంకేం కావాలి?

అప్పటికి కింద ఇంటి డ్రైవరు బాబాయి గారు మందుల పెట్టె చంకన పెట్టుకుని మూడోసారి నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చాడు. లిఫ్టు ఎక్కడు. ప్రమాదంలో యంత్రాన్ని నమ్మకూడదని ఆయన సిద్ధాంతం. "ఏదమ్మా ప్రమాదం? ఎక్కడ?" అన్నాడు రొప్పుతూ.

"మీ మొహంలోనే కనబడుతోంది బాబాయ్, కూర్చోండి" అంది అక్క, ఆయన నాడి పట్టుకుంటూ.

ఇంజనీరు మెదడు చకచకా పనిచేసింది. నొక్కితే మోగదు. ఎవరైనా గదిలో అడుగుపెడితే మోగుతుంది. బటను నుంచి గుమ్మం పక్కన చిప్పు పెట్టిన డబ్బా దాకా తీగ చాప కింద నుంచే పోయింది. అంటే దోషం నేలలో ఉంది! చాప మీద బరువు పడగానే తీగ తాకుతోంది. ఈ సంగతి రుజువు చేయడానికి ఆయన మళ్ళీ బయటికి వెళ్ళి, అమ్మని నొక్కమని, చాప మీద కాలు పడకుండా గోడ వారగా పాక్కుంటూ లోపలికి వచ్చాడు. నలభై అయిదేళ్ళ కొడుకు నాలుగు కాళ్ళ మీద గుమ్మం దాటడం చూసి అమ్మకి నవ్వాగలేదు. రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. సైరను కూసింది.

"చాప కింద మాత్రమే కాదు, నేల మొత్తం!" అన్నాడు ఇంజనీరు, మోకాళ్ళ మీదనే.

"అంటే నేలలోకి కరెంటు లీకవుతోందన్నమాట" అన్నాడు బాబాయి గారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఎక్కడ ఏ చప్పుడైనా ముందు ఇంజను ఆపాలంటాడు. "పేషెంటున్న గది. ఆలస్యం చెయ్యకూడదు. మెయిను తీసేద్దాం."

చిప్పు బ్యాటరీ మీద నడుస్తుంది, ఇంటి కరెంటుతో దానికి చుట్టరికం లేదు. ఆ సంగతి ఇంజనీరుకి తెలియకపోలేదు. కానీ బాబాయి గారి మాటలో ఒక గొప్ప సుఖం ఉంది. తప్పు బిల్డింగుది అయితే ప్రోగ్రాముది కాదు. "నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు. "నా ప్రోగ్రాములో దోషం లేదు. బల్లగుద్ది చెప్తున్నా." నేల మీదే ఉన్నాడు కనుక నేలనే గుద్దాడు.

అక్క ఫోను నాలుగోసారి "అమ్మకు ప్రమాదం" అని మూలిగింది. ఆవిడ దాన్ని అమ్మ మంచం మీదికి విసిరేసింది. "ఇక చాల్రా. నొక్కితే మోగదు, వస్తే మోగుతుంది. నీళ్ళడిగితే సైరను, సైరనుకి ముసలాయన గుండె దడ. అమ్మకి బటను నొక్కడం రాదు, నీకు చెయ్యడం రాదు. పక్క సందులో కారు పెట్టా. చక్రాల కుర్చీ తెస్తా. అమ్మా, బట్టలు తియ్యి."

అమ్మ తలగడ కింద నుంచి ప్రార్థన పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. సర్దుకోవడానికి అంతకు మించి తనకేమీ లేనట్టు. అది చూసి ఇంజనీరు మోకాళ్ళ మీంచి లేచాడు. అక్క కుర్చీ తెచ్చేలోపల దోషం పట్టుకోవాలి. ఆయన, టీచరు, బాబాయి గారు మెట్ల మీదుగా నేలమాళిగలోని మీటర్ల గదికి పరుగెత్తారు.

బాబాయి గారు మెయిను కిందికి లాగాడు. బిల్డింగంతా ఒక్క నిట్టూర్పు విడిచి చల్లబడింది. టీచరు టార్చి పట్టుకుంది. ఇంజనీరు ఫ్యూజులు ఒక్కొక్కటే ఊడదీసి చూశాడు. అన్నీ చక్కగా ఉన్నాయి. అది ఆయనకి నచ్చలేదు.

"ఏమండీ" అంది టీచరు. "పొద్దున్న మీరు అత్తయ్య పక్కన నిలబడి తియ్యి, తియ్యి అన్నారు. ఇప్పుడెవరూ అనట్లేదు కదా?"

"టార్చి సరిగ్గా పట్టుకో" అన్నాడు ఆయన.

ఇంకో రెండు ఫ్యూజులు చూశాడు. మూడోది చేతిలో ఉండగానే పైనుంచి, నాలుగు అంతస్తుల మెట్లు దొర్లుకుంటూ సైరను వచ్చింది.

ఇంజనీరు చెయ్యి గాలిలో ఆగిపోయింది. అక్క ఇంకా కారు దగ్గరే ఉండి ఉంటుంది, గదిలో ఎవరూ అడుగు పెట్టలేదు. బిల్డింగులో కరెంటు లేదు. అంటే దోషం తన పాదాలదీ కాదు, నేలదీ కాదు. అంతలోనే అంతకంటే పెద్ద ఆలోచన తట్టింది. ఇది నిజం సైరను. "అమ్మా!" అని అరిచి మెట్లెక్కాడు. రెండేసి మెట్లు మొదటి అంతస్తు దాకా, ఒక్కో మెట్టు మూడో అంతస్తు దాకా, చివరికి గోడ పట్టుకుని గదిలోకి వచ్చి పడ్డాడు.

అమ్మ మంచం మీద రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని ఉంది. అలికిడికి కళ్ళు తెరిచింది.

"నాకేం కాలేదురా. మీ అక్క గోడలో ఉంది."

ఇంజనీరు అమ్మ నుదురు మీద చెయ్యి వేసి చూశాడు. జ్వరం లేదు. "అక్క కారు దగ్గరుందమ్మా. గోడలో ఎందుకుంటుంది?"

దబదబా గోడ మోగింది. "ఒరేయ్! చచ్చినోడా! లిఫ్టు ఎవడ్రా ఆపింది?"

నిజంగానే గోడలోనే ఉంది. చక్రాల కుర్చీతో లిఫ్టు ఎక్కి, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య, చీకట్లో, ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది.

అప్పుడే రొప్పుతూ గుమ్మంలోకి వచ్చిన బాబాయి గారు ఆ మాట విని, లోపలికి రాకుండానే వెనక్కి తిరిగి, మెయిను ఎత్తడానికి మళ్ళీ నాలుగు అంతస్తులు దిగాడు. లిఫ్టు కదిలి పైకి వచ్చింది. తలుపు తెరుచుకోగానే అక్క బయటికి రాలేదు. వేలు పెట్టి లోపలి అలారం బటనుని చూపించింది. "దీన్ని వందసార్లు నొక్కాను. కుయ్యనలేదు, కయ్యనలేదు. ఈ బిల్డింగులో ఒక్క బటనన్నా పనిచేస్తుందా?"

టీచరు వంగి బటను కింద చీమ తలకాయంత అక్షరాలు చదివింది. "మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలట వదినా."

అక్క జీవితంలో ఏదీ మూడు సెకన్లు పట్టుకున్న మనిషి కాదు. థర్మామీటరు తప్ప. ఆవిడ మాట్లాడలేదు. ప్లానులో మూడో పని అలా, అనుకోని టైముకి, నెరవేరింది.

గదిలోకి వచ్చాక ఇంజనీరు లాప్‌టాప్ డబ్బాకి తగిలించాడు. నొక్కిన ప్రతి నొక్కు ఎంతసేపో చిప్పు రాసుకుంటుంది. నలభై ఒక్క సెకన్లు. అరవై రెండు. యాభై ఎనిమిది. డెబ్భై. చివరిది చూసి ఆయన కళ్ళు నులుముకున్నాడు. పదకొండు నిమిషాల నాలుగు సెకన్లు.

"అమ్మా, పదకొండు నిమిషాలు నొక్కి పట్టుకున్నావా?"

"మరి? గోడ అవతల అది ఏడుస్తోంది."

"నేనేం ఏడవలేదు" అంది అక్క.

"అరుస్తోంది. పిలవాలి కదా. నొక్కాను. ఎవరూ రాలేదు. రానప్పుడు ఇంకా గట్టిగా నొక్కుతాంగానీ వదిలేస్తామా? మిషనుకి పెడలు తొక్కినంతసేపే సూది ఆడుతుంది. కాలు తీస్తే ఆగిపోతుంది. ముప్పై ఏళ్ళు అదేగా చేశాను. వేలు తిమ్మిరెక్కింది. రెండో వేలు దాని మీద వేసి నొక్కాను. అదీ తిమ్మిరెక్కింది. ఇక నావల్ల కాదు స్వామీ, నువ్వే చూసుకో అని చేతులు జోడించాను. జోడించానో లేదో కూసింది. చూశావా, ఆయన ఎంత దగ్గర్లో ఉన్నాడో!"

 ఇంజనీరుకి పొద్దుటి తీసివేత కళ్ళముందు కనబడింది. వేలు తీసిన టైము తెలిస్తే గానీ లెక్క తేలదు. లెక్క తేలితే గానీ మోగదు. ఎవరైనా వస్తే గానీ అమ్మ వేలు తియ్యదు. అమ్మ వేలు తీస్తే గానీ ఎవరూ రారు. అమ్మ వదలాలని చిప్పు, చిప్పు పలకాలని అమ్మ, ఒకరికొకరు ఎదురుచూస్తూ కూర్చున్నారు. చేతులు జోడించాలంటే బటను మీంచి చెయ్యి తియ్యాలి మరి. దేవుడు వచ్చి పలికించాడా, తన తప్పు అక్కడ దానంతటదే తీరిందా అని ఒక్క క్షణం ఆలోచించాడు. తేలలేదు. తేలనిది అమ్మ ఖాతాలోనే ఉంచడం మంచిదనిపించింది.

"తప్పు నాదే" అన్నాడు. ఈసారి ఏదీ గుద్దలేదు.

అక్క అమ్మ పక్కన కూర్చుని ఆ తిమ్మిరెక్కిన వేళ్ళు రెండూ తన చేతిలోకి తీసుకుని మెల్లగా రాసింది. "అంతసేపు లోపల అరిచాన్రా. ఇంత బిల్డింగులో నా గొంతు విన్నది మంచం దిగలేని మనిషి ఒక్కతే. ఈవిడ పిలిస్తే వినేవాళ్ళు లేరని తీసుకుపోవడానికొచ్చాను చూడు."

"నీకు వదలడమే వచ్చు, నాకు పట్టుకోవడమే వచ్చు" అంది అమ్మ. "ఇద్దరం కలిసి ఒక మనిషి."

"కుర్చీ ఇక్కడే ఉండనీ. హాల్లో తిరగడానికి పనికొస్తుంది" అని అక్క లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ప్రార్థనకి మా ఇంట్లో పదిహేను నిమిషాలు రాశాను గానీ... నువ్విక్కడే కానియ్యి, ఎంతసేపైనా." లిఫ్టు వైపు చూడకుండా మెట్ల దారి పట్టింది.

ఇంజనీరు వెంటనే కూర్చుని ప్రోగ్రాము మార్చాడు. వేలు తీసేదాకా ఆగకుండా, సెకను దాటగానే సైరను. మధ్యాహ్నం అమ్మకి దాహం వేసింది. మామూలుగానే నొక్కి పట్టుకుంది. బాబాయి గారు మందుల పెట్టెతో వచ్చి, మంచినీళ్ళు ఆయనే తాగి వెళ్ళాడు.

అప్పుడు ఇంజనీరు పెడలు సంగతి గుర్తుచేసుకుని మళ్ళీ మొదటి నుంచి రాశాడు. పొద్దుగూకేలోపల పూర్తయింది. పెళ్ళాన్ని పిలిచి, అమ్మ చేత నొక్కించాడు. వంటింట్లో గంట నొక్కినంతసేపూ మోగి, వేలు తియ్యగానే ఆగింది. నిమిషం దాటితే సైరను దానంతటదే కూస్తుందని కూడా చెప్పాడు. "పొద్దంతా పట్టింది గానీ, ఇంతకంటే తేలికైన పద్ధతి ప్రపంచంలో ఎక్కడా ఉండదు. బల్లగుద్ది చెప్తున్నా" అని, నిజంగానే గుద్దాడు.

లెక్కల టీచరు సీసాలు పట్టుకుని, లెక్కని ఒకసారి తిరగేసి చూసింది.

"నొక్కితే మోగుతుంది, వదిలితే ఆగుతుంది. బాగుందండీ. మిగతా ఇళ్ళలో దీన్ని కాలింగ్ బెల్ అంటారు."